గీయని గెడ్డ

ముప్పై ఏళ్ళు గీతలు గీసి బతికినవాణ్ణి నేను. కొరాపుట్ కొండల్లో ఒక ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. నా గీత వెంట్రుకవాసి తప్పిందని ఎవరైనా అంటే ఆ పూట అన్నం సయించేది కాదు. అంత పొగరు. అలాంటివాణ్ణి ఒక్క గీత మాత్రం కావాలనే మానేశాను.

రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చి, రాయగడ ఊరి చివర కొండ దిగువన చిన్న జాగా కొన్నాను. దాని వెనక భాగంలోంచి గెడ్డ పోతుంది. గెడ్డంటే పెద్ద ఏరేం కాదు, కొండ మీంచి దిగే సన్నటి వాగు. ఏడాదిలో ఎనిమిది నెలలు అందులో ఇసుకా మేకలూ తప్ప ఏమీ ఉండవు. రెవెన్యూ పటంలోనూ లేదు. ఆ పటం గీసిన కాలానికి అది వేరే దారిన పోయేదట. కానీ మున్సిపాలిటీకి ఇచ్చే ప్లానులో దాన్ని నీలం గీతతో చూపించాలి, ఒడ్డు నుంచి కొంత జాగా వదిలి కట్టాలి. వదిలి చూశాను. ఒక గది, ఒక వసారా మిగిలాయి. మా ఆవిడ ఆ కాగితం చూసి, "ఇది ఇల్లేటి, టికెట్ కౌంటరేటి?" అంది. ఆ మాట నాకు తగిలింది. కొత్త షీటు పరిచి మళ్ళీ గీశాను. ఈసారి నీలం పెన్ను మూత తీయలేదు.

లైసెన్సున్న ఇంజనీరు నా చేతి మీది నమ్మకంతో సంతకం పెట్టాడు. కొలతలకి అమీను, అంటే సర్కారు సర్వేయరు, మే నెలలో వచ్చాడు. ఆ ఎండు గెడ్డలోనే నిలబడి గొలుసు పట్టించాడు, చెప్పుల్లో ఇసుక దులుపుకున్నాడు, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ఎవరైనా అడుగుతారేమోనని ముందు భయపడ్డాను. ఒక్కరూ అడగకపోతుంటే ఇంకా భయం వేసింది. నెల తిరక్కుండా ప్లాను పాసై వచ్చింది.

పునాదికి కొల్నార వైపు నుంచి కోందు తెగకి చెందిన ఒక ముసలి మేస్త్రీని పిలిచాను. తవ్వే ముందు వాళ్ళకో ఆనవాయితీ ఉంది. ఆకు మీద బియ్యపు గింజలు జతలు జతలుగా పేర్చి, పైన కుండ బోర్లిస్తారు. మర్నాటికి జతలు చెదరకుండా ఉంటే కట్టొచ్చు, విడిపోతే ఆ చోటు వదిలేయాలి. మర్నాడు కుండ ఎత్తాడు. గింజలు ఉబ్బి, విడిపోయి, ఆకుకి అంటుకుని ఉన్నాయి. వాన చుక్క పడి ఎన్నాళ్ళో అయింది. అతను ఆ తడిని వేలికి అద్దుకుని నాకు చూపించి, "ఈ జాగా ఖాళీగా లేదు బాబూ" అని ఒడియాలో అన్నాడు. గడ్డపార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నేను నవ్వి, వేరే మనుషుల్ని పెట్టుకున్నాను. నవ్వానే గాని, గెడ్డకి అడ్డంగా వెనక గోడ మాత్రం ఎత్తుగా, బలంగా లేపించాను.

పక్క జాగాలో రేకుల షెడ్డు. అందులో ఒకావిడ, ఆవిడ అమ్మీ అని పిలుచుకునే కూతురు. భర్త పోయాక ఆవిడ బడిలో వంట చేస్తుంది. ఆ ఏడు వానలకి గెడ్డ నా గోడకి కొట్టుకుని, మళ్ళి, ఆవిడ పెరట్లోంచి పోయింది. "సూసేరా అన్నయ్యా, గెడ్డ ఈ యేడు మా ఇంటికి సుట్టపుసూపుకొచ్చింది" అని నవ్వింది. నేనూ నవ్వాల్సి వచ్చింది.

ఎండలు ముదిరాక నా దగ్గరికి వచ్చింది. "నానూ ఇల్లు కట్టుకుంతాను. మీకు గీసినట్టే నాకూ గీసియ్యండి. పడగ్గది ఎనక్కెయ్యండి, మీ గోడ దన్నుంటాది."

ఆ రోజంతా కూర్చుని గీశాను. నీలం పెన్ను మూత తీశాను. గెడ్డ ఎక్కడ మళ్ళిందో అక్కడ, ఒక్క వంపు కూడా తప్పకుండా వేశాను. ఆవిడ షీటు చూసింది. చేతిలో నా పాసైన ప్లాను జిరాక్సు ఉంది, నమూనాకని అంతకుముందే అడిగి పట్టుకెళ్ళింది. రెండూ పక్కపక్కన పెట్టింది.

"మీ కాయితంలో నేని గెడ్డ నా కాయితంలోకి ఎలాగొచ్చింది అన్నయ్యా?"

గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. "వానల్లో ఇబ్బందవుద్ది సెల్లమ్మా, ముందుకి జరిగి సిన్నగా కట్టుకో" అన్నాను.

"ఆ ముసిలి మేస్త్రీ బియ్యం సూసి నానూ బయపడ్డాను. మరి ఆపీసోలు సూసి ముద్దరేసేరు కదా. సదువుకున్నోరు మీరు గీసేరు. బయమే ఉంటే మీరు కడతారేటి?"

నిజం నోటిదాకా వచ్చింది. చెబితే నా పర్మిషన్ రద్దవుతుంది, గోడ పడుతుంది, ఈ వయసులో మా ఆవిడతో అద్దె ఇంటి గుమ్మం ఎక్కాలి. మింగేశాను. ఆవిడ జిరాక్సు మాత్రం మడిచి పట్టుకుని లేచింది. ఓర్వలేక అడ్డం పడుతున్నాననుకుందని ఆ ముఖమే చెప్పింది. పిరికివాణ్ణి, అది కూడా సహించాను.

బజార్లో ఇంకో డ్రాఫ్ట్స్‌మన్ నా ప్లాను ముందు పెట్టుకుని ఆవిడకి ప్లాను గీసిచ్చాడు. అందులోనూ గెడ్డ లేదు. చక్కగా పాసైంది. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందని మా అమ్మ అంటూ ఉండేది, ఆ కోతి ముఖం ఇప్పుడు రోజూ అద్దంలో చూస్తున్నాను.

నిన్న పునాది గుంటలు తవ్వారు. ఊళ్ళో వాన లేదు, కొండ మీద మాత్రం రెండు రోజులుగా నల్లగా ఉంది. ఈ పొద్దున బకెట్ చప్పుడుకి బయటికి వచ్చాను. ఆవిడ గుంటలో దిగి నీళ్ళు తోడుతోంది. నేనూ ఒక బకెట్ పట్టుకుని దిగాను. నీళ్ళు పిక్కల దాకా ఉన్నాయి, చల్లగా.

"కోపం పోయిందేటన్నయ్యా?" అని నవ్వింది. నా గోడ పక్క మూల చూపించి, "ఇదిగో, ఇక్కడే మా అమ్మి మంచం" అంది.

గంట తోడాం. ఎంత తోడినా ఆ మూల నుంచే ఊరుతున్నాయి. రేపు కాంక్రీటు పోస్తారు. నేనింకా చెప్పలేదు.