కరెంటు పోని బిళ్ల

అతివాహకాల గురించి నేను ఏ తరగతిలోనూ నేర్చుకోలేదు. మహబూబ్‌నగర్ గ్రంథాలయంలో విజ్ఞాన పత్రికలు తిరగేస్తూ నేర్చుకున్నాను. బాగా చల్లబరిస్తే విద్యుత్తును ఏ నష్టమూ లేకుండా పంపే నల్లటి పింగాణీ బిళ్లలు వచ్చాయని ఎనభైల చివర్లో అక్కడే చదివాను. వాటి రసాయనాల పాళ్లు మా కాలేజీలో నాకంటే ముందు ఎవరికీ తెలియవు. ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

ఆ కాలేజీ ప్రయోగశాలలో నాది చిన్న ఉద్యోగం. విశ్వవిద్యాలయ ఆచార్యుడొకరు ఒకరోజు సాయంత్రం మా ఊరి మీదుగా వెళ్తూ ఆగుతానన్నారు. నేను చేసిన బిళ్లను చల్లబరిచాక దాని మీద అయస్కాంతం గాలిలో తేలితే అది అతివాహకమని రుజువైనట్టు, అప్పుడు నన్ను పరిశోధనకు తీసుకుంటారు. తేలకపోతే మళ్లీ అడగొద్దన్నారు. బిళ్లలు కాలుస్తుంటే మధ్యలో కరెంటు పోయి అన్నీ పాడయ్యాయి. అంతకుముందు కాల్చినది ఒక్కటే మిగిలింది. రసాయనాలూ అయిపోయాయి.

చల్లబరచడానికి ద్రవ నైట్రోజన్ కావాలి. ఊళ్లో అది పశువుల దవాఖానలోనే ఉండేది. ఎద్దుల వీర్యాన్ని అందులో నిలవ ఉంచేవారు. ఫ్లాస్కు పట్టుకుని పరుగెత్తాను.

అటెండరు క్యాను మూత తీసి చూపించాడు. అడుగున కొంచెమే ఉంది.

"బండి రాలే సారూ. గిది తీస్తే బీజం సస్తది. అసలు గదేం బిళ్ల?"

"దాంట్ల కరెంటు జర సుత పోదన్నా."

"కరెంటు పోదా! గట్లయితే మా బోరు మోటరు కాడ ఒకటి పెట్టు. పొద్దుందాక పోతనే ఉంటది."

నాకు నవ్వు రాలేదు. అతని చేతులు పట్టుకున్నాను. బర్రెను తోలుకొచ్చిన ఒక అవ్వ పక్కనుంచి కోప్పడింది.

"ఓ సారూ, నా బర్రె ఎదకొచ్చింది. దానికి సూది ఏసినంక తీస్కపో. నీ బిళ్ల ఈనుతదా, పాలిస్తదా?"

ఆమె పని ముగించాక అటెండరు ఫ్లాస్కులో కాస్త వంచాడు. "గింతే. మల్ల అడగకు."

కాలేజీకి చేరేసరికి అందులో సగం ఆవిరైపోయింది. మిగిలింది ఆచార్యుడి ముందే బిళ్ల మీద పోశాను. సలసలా మరిగి తెల్లటి పొగ లేచింది. బిళ్ల పూర్తిగా చల్లబడకముందే గిన్నె అడుగు పొడిబారింది. అయస్కాంతం కదలలేదు.

"బిళ్ల మంచిది కాదయ్యా" అన్నారాయన.

"ఇంకొంచెం నైట్రోజన్ ఉంటే సార్..."

ఆయన అప్పటికే కారు వైపు నడుస్తున్నారు.

బిళ్ల పాడైందో, చలి చాలలేదో నాకు తెలియలేదు. కొన్నాళ్లకు నైట్రోజన్ బండి వచ్చిందని అటెండరే కబురు పంపాడు. బిళ్లను దాచిన డబ్బా తెరిచి చూశాను. ఆ రోజు చల్లబడినప్పుడు గాలి నుంచి పట్టిన తేమకు బిళ్ల బూడిదలా పొడిపొడిగా రాలిపోయి ఉంది. పరీక్షించడానికి ఇక ఏమీ మిగలలేదు.