మాటల్లేని పేజీ

యారాడ ఈశ్వరికి చదవడం రాదు. బస్సు మీద అంకె గుర్తుపట్టి ఎక్కుతుంది. మల్కాపురం బజార్లో పదిహేనేళ్ళుగా చేపలమ్ముతోంది. అయితే ఎవరైనా బొమ్మ వేసి చూపిస్తే అందులో తప్పెక్కడుందో ఇట్టే పట్టేస్తుంది. ఆ సంగతి హేమశ్రీ వచ్చేదాకా ఆమెకే తెలియదు.

హేమశ్రీ మధురవాడలో ఒక కంప్యూటర్ ఆఫీసులో బొమ్మలు వేసే ఉద్యోగం చేస్తుంది. మూడేళ్ళ కిందట ఒక ఆదివారం స్కూటీ మీద యారాడ వచ్చి, ఒడ్డున లాగి ఉంచిన పడవల్ని గీసుకుంటూ కూర్చుంది. పక్కనే ఎండు చేపలు తిరగేస్తున్న ఈశ్వరి వెనక నుంచి తొంగి చూసి, "తాడు అలాగ కట్టరమ్మా. అలాగ కడితే రెండో కెరటానికే పడవ ఎల్పోద్ది," అంది. హేమశ్రీ నొచ్చుకోలేదు. గీసింది చెరిపేసి, ఎలా కడతారో చూపించమని అడిగింది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం వచ్చేది. జాలర్ల బతుకు మీద గ్రాఫిక్ నవల వేస్తున్నానని, అంటే కథంతా బొమ్మల్లోనే నడిచే పుస్తకమని చెప్పింది. నెత్తిన గంప ఉన్నప్పుడు ఆడమనిషి మెడ ఎక్కడ బిగుస్తుందో, వల బాగుచేసేవాడు దారాన్ని కాలి బొటనవేలికి ఎలా చుట్టుకుంటాడో ఈశ్వరి చెబుతుంటే ఆ పిల్ల మళ్ళీ మళ్ళీ గీసేది. మధ్యాహ్నం ఈశ్వరి అత్త పాపాయమ్మ వండిన ఎండు నెత్తళ్ళ కూరతో అక్కడే అన్నం తినేది.

ఈశ్వరి మొగుడు సింహాద్రి పదకొండేళ్ళ కిందట వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. ఇంటికెవరొచ్చినా పాపాయమ్మ కొడుకు సంగతి చెప్పకుండా పంపదు. "నా కొడుకు ఆ రోజు కడుపునిండా తిన్నాడమ్మా. నవ్వుకుంటా ఎల్లినాడు. ఆకలితో పోనేదు," అనేది. హేమశ్రీకి కూడా ఎన్నోసార్లు చెప్పింది. ఆ మాట వచ్చినప్పుడల్లా ఈశ్వరి ఏదో పని కల్పించుకుని లేచిపోయేది.

వేట నిషేధం రోజుల్లో ఒక మధ్యాహ్నం, పాపాయమ్మ తన చిన్నకొడుకు సూరన్న ఇంటికి వెళ్ళిన వేళ, హేమశ్రీ రేషన్ కార్డు ఫోటో చూసి సింహాద్రి ముఖం వేసింది. ఈశ్వరి చూసి కాదంది. "నవ్వినాడంటే ఎడమ కన్ను కొంచెం మూసుకుపోద్ది. పెదవి మీద ఇక్కడ గాటు." హేమశ్రీ మూడుసార్లు చెరిపింది. నాలుగోసారి కాగితంలోంచి సింహాద్రి నేరుగా పెళ్ళాం వైపు చూశాడు. ఈశ్వరి గుమ్మంలో కూర్చుంది. అన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పింది.

ఆ రోజు సింహాద్రి కడుపునిండా తినలేదు. కూతురు దేవిని తొమ్మిదో తరగతితో బడి మాన్పించేస్తానన్నాడు. నేను చదివిస్తానని ఈశ్వరి ఎదురు చెప్పింది. మాటా మాటా పెరిగింది. సగం తిన్న కంచం తోసేసి చొక్కా భుజాన వేసుకుని లేచాడు. ఈశ్వరి గుమ్మం దాకా వెంటపడి, "ఎల్లు. ఆ సముద్రంలోనే ఉండిపో, మరి రాకు," అని అరిచింది. అప్పుడు పాపాయమ్మ ఇంట్లో లేదు. నాలుగో రోజున, పడవ ఒక్కటే దొరికాక, ఆమె గుండెలు బాదుకుంటూ నా కొడుకు తిని వెళ్ళాడా అని అడిగితే, తిన్నాడత్తా అని చెప్పింది. ఆ తరవాత అబద్ధాన్ని వెనక్కి తీసుకునే రోజు రాలేదు.

ఇదంతా చెబుతున్నంతసేపూ హేమశ్రీ పెన్సిల్ కింద పెట్టేసి వింది. ఈశ్వరికి నమ్మకం కలిగింది అందుకే. "ఇది పుస్తకంలోకి ఒద్దమ్మా," అంటే, "లేదక్కా, ఇది మన ఇద్దరి మధ్యే," అని చెయ్యి పట్టుకుంది.

నిరుడు పుస్తకం వచ్చింది. బీచ్ రోడ్డులో ఒక హాల్లో సభ పెట్టారు. హేమశ్రీ క్యాబ్ పంపి అత్తాకోడళ్ళిద్దర్నీ పిలిపించుకుని ముందు వరసలో కూర్చోబెట్టింది. పాపాయమ్మ కొత్త చీర కట్టుకుంది. కళ్ళకి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమెకు దూరపు చూపు బాగా ఆనుతుంది. తమ ఒడ్డు, తమ పడవలు తెర మీద కనబడుతుంటే వేలు పెట్టి చూపిస్తూ మురిసిపోయింది.

శ్రీరామ్మూర్తి అనే పెద్దాయన, రిటైరైన డ్రాయింగు మాస్టారు, మాట్లాడటానికి లేచాడు. "గ్రాఫిక్ నవల ఎప్పుడు క్లాసిక్ అవుతుందని నన్నడుగుతారు," అన్నాడు. "గీత బాగుంటే చాలదు. కథ బాగున్నా చాలదు. మాటలన్నీ తీసేసినా బొమ్మ తనంతట తను నిలబడాలి. ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య ఖాళీలో ఏం జరిగిందో మన మనసుకి తెలియాలి. యాభై ఏళ్ళ తరవాత, అక్షరమ్ముక్క రానివాళ్ళు తిరగేసినా తెలియాలి. ఈ పుస్తకంలో అలాంటి పేజీ ఒకటుంది. అదొక్కటి చాలు, ఇది నిలుస్తుందనడానికి."

తెర మీద ఆ పేజీ వచ్చింది. ఒక్క మాట లేదు. మొదటి బొమ్మలో సగం అన్నం మిగిలిన కంచం. రెండోదాంట్లో చొక్కా భుజాన వేసుకున్న మనిషి వీపు. మూడోది గుమ్మంలో ఆడమనిషి, చెయ్యెత్తి, నోరు తెరిచి. నాలుగోదాంట్లో ఆ మగవాడు ఒక్కసారి వెనక్కి తిరిగాడు. పెదవి మీద గాటు. కింద మిగిలినంతా సముద్రం.

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఈశ్వరి పక్కకి చూడలేకపోయింది. అంతలో ఎవరో ఆమెను వేదిక మీదకి పిలిచారు. హేమశ్రీ శాలువా కప్పి కౌగిలించుకుంది. ఈశ్వరి కొయ్యలా నిలబడింది. కిందనున్న పాపాయమ్మ ఇంకా తెరనే చూస్తోంది.

తిరిగి వస్తూ, క్యాబు సింధియా కూడలి దాటి కొండ ఎక్కుతుండగా పాపాయమ్మ అడిగింది: "నా కొడుకు తినకండా ఎల్లాడా?"

ఈశ్వరి తల దించుకుంది.

"నువ్వేటన్నావే ఆడిని?"

ఈశ్వరి చెప్పింది. దాచడానికి ఇంకేం మిగల్లేదు. పాపాయమ్మ ఏడవలేదు, తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే బట్టలు మూట కట్టుకుని సూరన్న ఇంటికి వెళ్ళిపోయింది.

గాజువాకలో నర్సుగా పనిచేస్తున్న దేవి, ఆ వారం వచ్చి పుస్తకం మొత్తం చదివింది. కథలో పేర్లన్నీ వేరే. చివరి పేజీలో మాత్రం, 'ఈ పుస్తకానికి ప్రాణం పోసిన యారాడ ఈశ్వరక్కకి' అని ఉంది. దేవి దాన్ని తల్లికి చదివి వినిపించి, ఆ రోజుల్లో నాన్న తన బడి మాన్పిస్తానన్నది గుర్తొచ్చి, "నా సదువు గురించేనా అమ్మా ఆ గొడవ?" అని అడిగింది. ఈశ్వరికి ఆ పేజీ మీద అసలు కోపం అప్పుడొచ్చింది. అత్తకి తెలియడం ఒక ఎత్తు. ఈ పిల్ల ఇప్పుడు తన ఉద్యోగం వైపు ఏ కళ్ళతో చూసుకుంటుంది?

ఈశ్వరి రెండు బస్సులు మారి మధురవాడ వెళ్ళింది. నాలుగో అంతస్తులోని తన ఇంటి తలుపు హేమశ్రీ తీసి, ఆమె ముఖం చూడగానే గ్రహించింది.

"పేరు మార్చాను కదక్కా," అంది.

"పేరు మార్సినావు. మొకం నానే దగ్గరుండి దిద్దించినాను కదమ్మా."

హేమశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాలుగుసార్లు తీసేశానక్కా ఆ పేజీ. తీసేస్తే మిగతాదంతా చచ్చిపోయింది. ఆయన ఎవరో మునిగిపోయిన మనిషిలా మిగిలాడు. మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టడం లేదు. చదివినవాళ్ళందరూ మీ కోసం ఏడుస్తున్నారు."

"ఏడ్సినోల్లు ఏడ్సీసి ఇంటికెల్లిపోతారు. నా ఇల్లు అక్కడే కదా." ఈశ్వరి గోడకి ఆనుకుని నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "అచ్చేసీముందు ఒక్కపాలి నన్నడగొచ్చు కదా. ఎందుకడగనేదు?"

హేమశ్రీ నిజం చెప్పింది. "అడిగితే వద్దంటారని తెలుసక్కా."

"మళ్ళీ అచ్చేసినప్పుడు ఆ పేజీ తీసీ."

హేమశ్రీ తల వంచుకుంది. ఈశ్వరి లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వచ్చేసింది. ఆ పిల్ల ఒట్టి మోసగత్తె అయ్యుంటే ఇంత బాధ ఉండేది కాదని బస్సులో అనుకుంది. తన ఇంట అన్నం తిన్నది, తన బాధ వింటూ పెన్సిల్ కింద పెట్టేసింది. రెండూ నిజమే. అయినా చేసింది.

రెండో ముద్రణ వచ్చింది. పేజీ అలాగే ఉంది. కాలేజీ పిల్లలు పుస్తకం పట్టుకుని యారాడ రావడం మొదలెట్టారు. ఒకరిద్దరు ఆ గుమ్మం దగ్గర ఫోటో తీసుకుంటామన్నారు. ఈశ్వరి తలుపు వేసుకుంది. హేమశ్రీ నంబరు నుంచి ఫోను వస్తే మోగి ఆగిపోయేదాకా చూస్తూ ఊరుకుంటుంది.

చిన్నకోడలితో పడక పాపాయమ్మ నాలుగు నెలలకి మూటతో తిరిగొచ్చింది. ఎందుకొచ్చావని ఈశ్వరి అడగలేదు. చేపలు ఎండబెట్టే చాపలు పరవడం, ఉప్పు కలపడం, దేవికి ఏ డ్యూటీ పడిందో చెప్పుకోవడం, అన్నీ మునుపటిలాగే సాగుతున్నాయి. కొడుకు ఊసు మాత్రం ఆమె ఎవరి దగ్గరా ఎత్తడం లేదు.

ఒక సాయంత్రం చేపలు ఏరుతూ, పాపాయమ్మ తల ఎత్తకుండానే అంది: "మొగుడూ పెళ్ళాలన్నాక అనుకుంటారు. నానూ అనీదాన్నే మీ మావని. దానికి కాదు నాను ఎల్లిపోనాది. బయటిదానికి సెప్పినావు. ఒక కుండలో కూడు తిన్నాం ఇన్నేళ్ళు. నాకు సెప్పనేదు."

"సెప్తే నువ్వు బతకవనుకున్నానత్తా."

"బతికే ఉన్నాను గదా ఇప్పుడు," అంది పాపాయమ్మ.

కుళాయి వచ్చే వేళైంది. ముసలామె మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, బిందె చంకన పెట్టుకుని వీధిలోకి వెళ్ళింది. ఏరాల్సిన చేపలు ఇంకా రెండు గంపలున్నాయి. ఈశ్వరి ఒకదాన్ని ముందుకి లాక్కుంది.