ఉయ్యాల కింద ఎడమ చెప్పు

1984 ఆగస్టు 6, సోమవారం. తెల్లగా తెల్లవారిపోయినా మా అత్త కొట్టు చెక్కలు తీసి ఉండకపోవడం ఆ రోజు మొదటి ఆశ్చర్యం. సన్నగా జల్లు పడుతోంది. పళ్లపొడి అరచేతిలో వేసుకుని నేను అరుగు మీదికి వచ్చేసరికి, కొట్టు చూరు కింద చంటిపిల్లని భుజాన వేసుకుని ఒకావిడ నిలబడి ఉంది. "పిన్నిగారు ఇంకా లేవలేదామ్మా?" అని గొంతు తగ్గించి అడిగింది. మా అత్త చెక్కలు తీసే చప్పుడుకే మా వీధి నిద్రలేచేది. అలాంటిది, ఆవిడ లేవలేదా అని ఇంకొకరు అడగడం నేనెప్పుడూ వినలేదు.

నాన్న పెరటివైపు నుంచి వెళ్లి తలుపు నెట్టి చూశాడు. కొట్టు వెనక గదిలో, రోజూ పడుకునే చాప మీద, నిద్రలోనే పోయింది మా అత్త. నాన్న బయటికి వచ్చి, అరుగు మీద కూలబడి తల పట్టుకున్నాడు. చూరు కింద ఆవిడకి అర్థమైంది. నాకంటే ముందు ఆవిడే ఏడ్చింది. ఆ ఏడుపుకి పిల్ల ఉలిక్కిపడి అందుకుంది. మా అత్త కోసం నాకంటే ముందు బయటివాళ్లు ఇద్దరు ఏడ్చారు. దుఃఖం కంటే ముందు నాకు ఉక్రోషం వచ్చింది. ఆ ఉక్రోషం ఇప్పటికీ తగ్గలేదు.

మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు కాబట్టి చెబుతాను. మా అత్త మా నాన్నకి అక్క. మాది విజయనగరం వైపు పల్లె. మామయ్యకి పోర్టులో పని దొరికితే గోపాలపట్నం వచ్చారు, వాళ్ల వెనకే మేమూ వచ్చాం. నాకు ఊహ తెలియకముందే మామయ్య పోయాడు. అత్త ముందు గదిలో కిరాణా కొట్టు పెట్టింది. ఆ కొట్టుకీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే. ఆవిడకి పిల్లల్లేరు. మా ఇంట్లో నేనొక్కదాన్నే. ఇంకేముంది, అత్త మొత్తం నాదే అనుకుంటూ పెరిగాను.

అది అలా జరగలేదు. పోర్టు పనులకీ, స్టీలు ప్లాంటు పనులకీ గోదావరి జిల్లాల నుంచీ కృష్ణా జిల్లా నుంచీ కొత్త కాపురాలు మా వీధిలోకి దిగాయి. మొగుడు షిఫ్టులో ఉంటాడు. ఇంట్లో అత్తగారు ఉండదు, అమ్మ ఉండదు. పాలు పొంగేలోపు కొట్టుకి పోయి రావాలన్నా చంకలో బిడ్డతోనే రావాలి. ఒకసారి ఒకమ్మాయి వచ్చింది, పాతికేళ్లు కూడా ఉండవు. నూనె సీసా కింద పెడితే బిడ్డ జారుతోంది, బిడ్డని సర్దుకుంటే పప్పు పొట్లం జారుతోంది. చివరికి ఉప్పు ఒక్కటి పట్టుకుని, మిగతావి రేపు తీసుకుంటానని వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరగడం అత్త చూసింది. నేనూ చూశాను గానీ, నేను చూసింది బిడ్డ జుట్టుకున్న రిబ్బను.

ఆ సాయంత్రమే అత్త కొట్టు దూలానికి ఇనప కొక్కెం బిగించింది. తన చిలకపచ్చ నేతచీర దానికి కట్టి ఉయ్యాల చేసింది. ఉయ్యాలకి ఒక తాడు కట్టి, ఆ తాడు రెండో కొస తన కాలి బొటనవేలికి తగిలించుకుంది. చేతులు తూకం వేస్తుంటే కాలు ఉయ్యాల ఊపేది. బిడ్డతో వచ్చినవాళ్లు వరసలో నిలబడక్కర్లేదని చెప్పింది. వెనక నిలబడ్డ మగవాళ్లు ఎవరైనా గొణిగితే, "సంకన బిడ్డున్నోళ్లకి ఒక్క సెయ్యే ఉన్నట్టు. రెండో సెయ్యి మనవే అవ్వాల" అనేది. ఆ మాట తర్వాత గొణిగినవాణ్ణి నేను చూడలేదు.

అక్కడితో ఆగలేదు. షిఫ్టుకి పోతూ మగవాళ్లు గుడ్డ సంచి మేకుకి తగిలించి వెళ్లిపోతే, రోజూ వాడే సరుకులు అందులో సర్ది ఉంచేది. బరువైనవి అడుగున, సబ్బు వేరేగా కాగితంలో, గుడ్లుంటే అన్నిటికంటే పైన. సంచి పట్టీలు పొట్టిగా ఉంటే విప్పి, పొడుగ్గా కుట్టించేది మా అమ్మ చేత. భుజానికి తగిలించుకుంటే చేతులు ఖాళీగా ఉండాలి. నూనె సీసా మెడకి పురికొసతో ఉచ్చు వేసి ఇచ్చేది, వేలికి తగిలించుకోవడానికి. బియ్యం బస్తాల వెనక చిన్న బల్ల వేసి గోనెపట్టా అడ్డంగా కట్టింది, పాలివ్వడానికి. బిడ్డతో వచ్చిన మనిషి ఉయ్యాల ఒక ఊపు ఊగి ఆగేలోపు సరుకులతో బయటపడాలని ఆవిడ పట్టుదల. కానీ వాళ్లు తొందరగా వెళ్లేవాళ్లు కాదు. ఖాళీ చేతులతో నిలబడడం వాళ్లకి ఎంత హాయిగా ఉండేదో, ఇంకాసేపు నిలబడేవాళ్లు.

నేను గోడకి ఆనుకుని ఇదంతా చూసేదాన్ని. ఈ ఏడు కాలేజీలో మా తెలుగు మేడం ఈర్ష్య, అసూయ, మాత్సర్యం అంటూ ఒక్కో మాటకీ ఉన్న తేడా చెబుతుంటే, నాకు మూడింటికీ ఒకే బొమ్మ కనపడింది. అత్త కాలి వేలికి కట్టిన తాడు. మా అమ్మ మాత్రం అన్నిటికీ కలిపి కుళ్లు అంటుంది. "నీకు బోసినోటి పిల్లల్తో పోటీ ఏటే?" అని నవ్వేది.

పోటీయే. ఒకరోజు ఉయ్యాల ఖాళీగా ఉంటే ఎక్కబోయాను. అత్త తూకం ఆపి, "దిగు. నీ కాళ్లు నేలకి తగుల్తన్నాయి. ఇది కాళ్లు తగలనోళ్లకే" అంది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది. టెన్త్ రిజల్ట్స్ వచ్చినప్పుడు పేపరు పట్టుకుని పరిగెత్తుకుంటూ వెళ్లాను. గుమ్మంలోనే అత్త వేలు పెదాల మీద పెట్టుకుంది. ఉయ్యాల్లో ఎవరిదో పిల్ల అప్పుడే పడుకుంది. "ఫస్ట్ క్లాసు" అని గుసగుసగా చెప్పాను. అత్త కళ్లు పెద్దవి చేసి, డబ్బాలోంచి గుప్పెడు పటికబెల్లం తీసి నా నోట్లో కుక్కింది. చప్పుడు కాకుండా నమలమని సైగ చేసింది. కాలు మాత్రం ఊపడం ఆపలేదు. నా మంచి వార్తలన్నీ ఆ కొట్లో గుసగుసగానే చెప్పుకున్నాను.

ఆ చీర సంగతి ఇంకొకటి. నేను ఓణీలు వేసుకోవడం మొదలుపెట్టిన రోజుల్లో ఆ చిలకపచ్చ చీర నాకు ఓణీగా కావాలని అడిగాను. అప్పటికే ఉతికి ఉతికి అది వెన్నలా అయింది. "కొత్త గుడ్డ పిల్లల ఒంటికి గుచ్చుకుంటాది. ఇది వాళ్లకే ఉండనీ" అంది. పూర్ణా మార్కెట్‌కి తీసుకెళ్లి, నాలుగు కొట్లు తిప్పి, అంతకంటే మంచి రంగులో కొత్త ఓణీ కొనిపెట్టింది. అందరూ బాగుందన్నారు. అది మెడ దగ్గర గుచ్చుకుంటూనే ఉంది.

ఇక ఎడమ చెప్పు కథ. రాజమండ్రి వైపు నుంచి వచ్చిన ఒకాయన ఉండేవాడు, పెళ్లయి రెండేళ్లు కాలేదు. ఒక పొద్దున నైట్ షిఫ్ట్ దిగి వచ్చాడు. భార్యకి జ్వరం. పిల్లని ఎత్తుకుని కొట్టుకి వచ్చి ఉయ్యాల్లో పడుకోబెట్టాడు. అత్త రెండు సంచులు సర్ది రెండు భుజాలకీ తగిలించింది, నూనె సీసా వేలికి తగిలించింది. ఆయన ఎంత సుఖంగా ఉందో అనుకుంటూ వెళ్లిపోయాడు. అత్త వేరే బేరంలో పడింది. కాసేపటికి లుంగీ ఎగ్గట్టి, గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "పిన్నిగారండీ, మా ఆవిడ పాపేదండీ అనడిగిందండీ" అన్నాడు. పాప ఉయ్యాల్లో బొటనవేలు చప్పరిస్తోంది. అత్త తూకంలోంచి తల కూడా ఎత్తలేదు.

"అన్నీ జాగర్తగా పట్టికెళ్లేవు బాబూ. పాలడబ్బా పట్టికెళ్లేవు, అది తాగేదాన్ని వొగ్గేసేవు."

కొట్టంతా నవ్వింది. ఆయనా నవ్వాడు గానీ, పాపని ఎత్తుకుని రెండు చేతులతో గుండెకి అదుముకున్నాడు. ఆయన వెళ్లాక అత్త నవ్వు కూడా పోయింది. ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు ఆవిడకి. చేతులు ఖాళీ చెయ్యడం మంచిదే గానీ, మరీ తేలికైపోతే మనిషి మర్చిపోతాడు అంది అమ్మతో. మర్నాటి నుంచి కొత్త పద్ధతి పెట్టింది. బిడ్డని ఉయ్యాల్లో వేసినవాళ్లు ఎడమ చెప్పు ఉయ్యాల కింద వదలాలి. ఒంటి చెప్పుతో ఎవడూ ఇంటిదాకా నడిచిపోడని ఆవిడ లెక్క. ఆఫీసర్లయినా, కళాసీలయినా ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు వట్టిదిగా నిలబడి పప్పూ చింతపండూ అడిగేవాళ్లు. ఆ తర్వాత ఆ కొట్లో ఎవరూ దేన్నీ మర్చిపోలేదు. ఆ రాజమండ్రాయన్ని మాత్రం అత్త వదల్లేదు. ఎప్పుడు కనపడినా, "ఏం బాబూ, అందరూ ఉన్నారా?" అనడిగేది.

అత్త పోయిన రోజు ఆయన వచ్చాడు. ఇప్పుడు ఆ పాప బడికి వెళ్తోంది, చంకలో రెండోవాడు. జనం మధ్యలోంచి వచ్చి, అరుగు కింద ఎడమ చెప్పు ఒక్కటే విడిచి, లోపలికి రెండడుగులు వేశాడు. అప్పుడు కాళ్లవైపు చూసుకున్నాడు. రెండోది కూడా విడవాలని తోచడానికి చాలాసేపు పట్టింది. అది చూశాక నాకు ఏడుపు వచ్చింది. అప్పటిదాకా రాలేదు.

ఆ వారమంతా వీధిలో ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, మా పిల్లంటే ఆవిడకి ప్రాణం అని చెప్పి వెళ్లారు. ఎంతమందంటే ప్రాణమో. వింటూ కూర్చున్నాను. ఒక్కరూ నాతో, నువ్వంటే ఆవిడకి ప్రాణం అనలేదు. వెళ్లేముందు అందరూ ఒకే మాట అడిగారు. కొట్టు మళ్లీ తీస్తారా, ఉయ్యాల ఏం చేస్తారు?

కర్మలన్నీ అయ్యాయి. ఇవాళ మధ్యాహ్నం ఎదురు వరసలో కొత్తగా కొట్టు పెట్టినాయన వచ్చాడు. గాజు సీసాలూ, ట్యూబులైట్లూ ఉన్న కొట్టు. మంచి మనిషే. నాన్న పక్కన కూర్చుని మెల్లగా విషయం తీశాడు. మీరు పోర్టు డ్యూటీలో ఉంటారు, ఈ కొట్టు ఎవరు చూస్తారు, పిల్లలతో వచ్చేవాళ్లు నన్ను అడుగుతున్నారు, ఆ చీరా కొక్కెం ఇప్పించండి, మా కొట్లో కట్టుకుంటాను, ఆవిడ పేరు చెప్పుకుంటాం అన్నాడు. నాన్న తల ఊపబోయాడు. ఎన్నో ఏళ్లుగా నేను కోరుకున్నది అదే. ఆ ఉయ్యాల మా ఇంటి ఛాయల్లో లేకుండా పోవడం. కానీ ఆ చిలకపచ్చ చీర ట్యూబులైట్ కింద ఊగుతున్నట్టు ఊహించుకోగానే నా ఒళ్లు మండింది.

"ఉయ్యాల ఇవ్వం" అన్నాను గుమ్మంలోంచి.

నాన్న వెనక్కి తిరిగాడు. "నీకా ఉయ్యాలంటే పడదు కదే?"

"పడదు. అందుకే ఇంకెవరికీ ఇవ్వను."

అమ్మ లోపల్నుంచి, "అది మేనత్త పోలికే బాబూ, ఏటీ అనుకోకండి" అని ఆయనతో చెప్పింది. ఆయన నవ్వి లేచాడు. వెళ్తూ, మా కోడలికి నెలలు నిండాయి, అయితే మేమూ ఇక్కడికే రావాలన్నమాట అన్నాడు. ఎడమ చెప్పు వదలాలని చెప్పాను. తెలుసన్నాడు.

రేపటి నుంచి కొట్టు నేను తీస్తానంటే, కాలేజీ మాటేమిటని నాన్న అడిగాడు. నా బస్సు తొమ్మిదిన్నరకి. పొద్దున్నే వచ్చేవాళ్లందరూ అంతకుముందే వస్తారు, ఆ తర్వాత అమ్మ కూర్చుంటుంది. తూకం నాకు వచ్చు. కాలితో ఉయ్యాల ఊపుతూ చేత్తో తూకం వేయడం మాత్రం నేర్చుకోవాలి.

సాయంత్రం ఆ చీర కొక్కెం నుంచి విప్పాను. ఇప్పుడు దాన్ని ఓణీగా వేసుకుంటే వద్దనేవాళ్లెవరూ లేరు. మొహం దాంట్లో దాచుకున్నాను, అత్త వాసన దొరుకుతుందేమోనని. దొరకలేదు. పాల వాసన, పౌడరు వాసన, గ్రైప్ వాటర్ వాసన. చివరికి అక్కడ కూడా వాళ్లే ఉన్నారు. ఉతకకుండా మడత పెట్టి తలగడ పక్కన పెట్టుకున్నాను.

రేపు పొద్దున్న ఆరింటికి కొట్టు చెక్కలు తీస్తాను. కొక్కేనికి చీర కట్టి, తాడు తగిలిస్తాను. వీధి లేవకముందే, నా ఎడమ చెప్పు కింద వదిలి, ఒక్కసారి ఆ ఉయ్యాల్లో కూర్చుంటాను. కాళ్లు నేలకి తగిలితే తగలనీ. తర్వాత దిగి, తాడు నా కాలి వేలికి కట్టుకుని, చూరు కింద ఎవరు నిలబడి ఉంటే వాళ్లని లోపలికి పిలుస్తాను.