ఎప్పుడత్త ప్రశ్న

మా మేనత్తకు మనిషి ఎదురుపడితే "బాగున్నారా?" అని అడిగే అలవాటు లేదు. "ఎప్పుడు పుట్టారు?" అని అడుగుతుంది. బస్సులో పక్క సీటువాళ్లను, కూరగాయలమ్మే ఆవిడను, పొరపాటున మా ఇంటికి ఫోన్ చేసినవాళ్లను, ఎవర్నీ వదలదు. అందుకే చుట్టాలంతా కలిసి ఆమెను ఎప్పుడత్తను చేసేశారు. ఆ పేరు ఎవరు పెట్టారో, ఏ రోజు పెట్టారో ఆమె వారంతో సహా చెప్పగలదు.

ఆమె ఉద్యోగం కూడా అలాంటిదే. పుట్టుకలు, చావులు, పెళ్లిళ్లు, విడాకులు రాసిపెట్టే ఆఫీసులో, నకళ్లిచ్చే కిటికీ ఆమెది. పుట్టినవాళ్లకు ఎర్రట్ట పుస్తకం, పోయినవాళ్లకు నల్లట్ట, పెళ్లయినవాళ్లకు పచ్చట్ట, విడిపోయినవాళ్లకు బూడిదరంగు అట్ట. "పచ్చట్టలూ బూడిదట్టలూ ఒకే బీరువాలో పెట్టించానే. కొందరికి పెద్ద దూరం ఉండదు" అనేది.

మావయ్యను కదిపితే నవ్వేవాడు. "మా సంబంధం మాట్లాడుతున్నప్పుడు మీ అత్త నా పేరు కూడా అడగలేదమ్మా. పుట్టిన తేదీ అడిగింది. పేరు రిజిస్టర్లో చూసుకుంది."

ఒక పెళ్లిలో పెళ్లికొడుకు పిన్ని తనకు నలభయ్యేనని నలుగురికీ చెప్పుకుంటోంది. అత్త ఆమె జోలికి పోలేదు. పక్కనే ఉన్న ఆమె తమ్ముణ్ని పట్టుకుంది.

"బాబూ, మీరెప్పుడు పుట్టారు?"

పాపం, అమాయకుడు, చెప్పేశాడు. అత్త వేళ్ల మీద లెక్కేసి పిన్నిగారి వైపు తిరిగింది. "మీ తమ్ముడు మీకంటే రెండేళ్లు పెద్దవాడండీ! ఇంట్లో మీకెవరూ చెప్పలేదా?"

పరామర్శకు వెళ్లినా అంతే. ఒకసారి తెలిసినాయన పోతే వెళ్లాం. అందరూ గొల్లుమంటున్నారు. అత్త మెల్లగా పెద్దకొడుకు పక్కన చేరింది. "నాయనా, కాగితంలో ఇంటిపేరు సరిగ్గా రాయించావా? తప్పు పడిందంటే, ఇక మీ నాన్నే లేచొచ్చి చెప్పినా దిద్దరు." ఆ కొడుకు ఠక్కున ఏడుపు ఆపి కళ్లజోడు వెతుక్కున్నాడు. మేం బయల్దేరేసరికి ఆ ఇంట్లో ఏడ్చేవాళ్లు లేరు. అందరూ కాగితాలు వెతుకుతున్నారు.

ఒకరోజు ఒక ఆడా మగా కిటికీ దగ్గరికొచ్చి విడాకుల నకలు అడిగారట. మళ్లీ పెళ్లికి కావాలన్నారు. "ఎవర్ని చేసుకుంటున్నారు?" అని అత్త అడిగితే సిగ్గుపడుతూ ఒకరినొకరు చూపించుకున్నారట. "ఈసారి పెళ్లిరోజు గుర్తుపెట్టుకో నాయనా, బీరువాలో చోటు చాలట్లేదు" అని చెప్పి పంపింది.

ఇదంతా వినడానికి బాగానే ఉంటుంది. ఆమె పక్కన నడిచేదాన్ని నేను. పళ్ల డాక్టరు ఆమె నోట్లో పట్టకారు పెట్టినప్పుడు కూడా "ఎహుహు హుత్తారు?" అని అడిగింది. ఆయనకు అర్థం కాలేదు. నాకర్థమైంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అత్తా, ఊళ్లోవాళ్ల పుట్టినరోజులు నీకెందుకు? కేకులేమైనా కొనిపెడతావా?" అని ఆ రోజే గట్టిగా అడిగేశాను.

"పనుంటుందే" అంది, దూది కొరుక్కుంటూ.

ఆ పనేమిటో తర్వాతి ఏడు తెలిసింది. నా పెళ్లి నకలు కోసం ఆమె ఆఫీసుకు వెళ్లాను. కిటికీ దగ్గర మా బడిలో గంట కొట్టే ఆవిడ నిలబడి ఉంది. మా చిన్నప్పటి నుంచీ ఆవిడే కొడుతోంది. ముఖం పీక్కుపోయింది.

"నాకు అరవై దాటాయంటున్నారమ్మా. ఉద్యోగం మానేయమంటున్నారు. లేదంటే పన్నెండు రోజుల్లోగా పుట్టిన తేదీ కాగితం తెమ్మంటున్నారు. అరవై లేవని నాకు తెలుసు. ఎన్నున్నాయో మాత్రం తెలీదు."

అప్పటికి అత్త రెండు రోజులుగా వెతుకుతోందట. పేర్ల పట్టికలో ఆవిడ పేరు లేదు. ఏ సంవత్సరమో తెలియకుండా ఎర్రట్ట పుస్తకాలన్నీ తిరగెయ్యాలంటే నెలలు పడతాయి.

"మీ అమ్మ ఏమైనా చెప్పేదా? ఏ చిన్న మాటైనా సరే" అని అడిగింది అత్త.

ఆవిడ ఆలోచించింది. "మంత్రసాని ఆలస్యంగా వచ్చిందనేదమ్మా. ఎవరింట్లోనో కాన్పు చేసి, అట్నించటే మా క్వారీ దగ్గరికి పరిగెత్తుకొచ్చిందట. మా నాన్న అక్కడ రాళ్లు కొట్టేవాడు."

అత్త కుర్చీలోంచి లేచింది. సొరుగులోంచి లావుపాటి నోటుబుక్కు తీసింది. అలాంటివి లోపల ఇంకో ఏడెనిమిది ఉన్నాయి. తొంగి చూశాను. బస్సులోవాళ్లు, కూరలావిడ, తప్పు నంబరువాళ్లు, పళ్ల డాక్టరు, అందరూ ఉన్నారు. ఎవరు ఎప్పుడు పుట్టారో, ఆ రోజు పక్కింట్లో ఏం జరిగిందో అంతా రాసి ఉంది. వేలితో వెతికి ఒకచోట ఆగింది.

"మన సెలూనాయన! పుట్టగానే మంత్రసాని స్నానమైనా చేయించకుండా క్వారీ వైపు పరిగెత్తిందట. వాళ్లమ్మ పోయేదాకా తిట్టిందట."

సెలూనాయన తేదీకి ఎర్రట్ట పుస్తకం తెరిచింది. ఆయన పేరు కింది వరుసలోనే ఉంది: ఆడశిశువు, పేరు పెట్టలేదు, తండ్రి క్వారీ కూలీ. తండ్రి పేరు ఆవిడ చెప్పిందే. పేరు లేదు కాబట్టే పట్టికకెక్కలేదు.

"యాభై ఆరమ్మా మీకు!" అంది అత్త. "ఇంకా నాలుగేళ్లు గంట కొట్టుకోండి."

గంటావిడ ఆ వరుస మీద వేలు పెట్టి నాచేత మళ్లీ చదివించుకుంది. నేను చదివేలోగా, ఆవిడ పేరు చేర్చే దరఖాస్తు అత్త తనే నింపుతోంది.

"అయితే అత్తా, ఇన్నేళ్లూ ఇందుకా అందర్నీ అడిగింది?"

"మరి? కాగితం లేనివాళ్లను పక్కింటివాళ్ల కాగితం పట్టుకునే వెతకాలి. ఇప్పటికి నలభై ఒక్కమంది దొరికారే" అంది తలెత్తకుండా. "ఆ పిన్నిగారు నిజం చెప్పి ఉంటే ఇంకొకరు దొరికేవాళ్లు."

వారంలో నకలు చేతికొచ్చింది. గంటావిడ దాన్ని కళ్లకద్దుకుని, మడిచి రవికలో పెట్టుకుంది. రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది.

"అమ్మా, ఇంకోటి ఇస్తారా?"

"బడికి ఒకటి చాలమ్మా."

"బడికి కాదమ్మా. మా ఆడపడుచుకు యాభై తొమ్మిది. ముప్పై ఏళ్లుగా నన్ను 'ముసల్దానా' అని పిలుస్తోంది."

అత్త ఇంకో నకలు తీసింది. ముద్ర మామూలుగా ఒకటే వేస్తుంది. దాని మీద మాత్రం రెండు వేసింది.