మొదటి బొమ్మ దగ్గరే పొద్దు మునిగింది

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిని ఇన్నేళ్ళూ రాయలేదంటే మరిచిపోయి కాదు, నాకు రాయడం రాక. మా ఊరి బడి గోడ పక్కనుంచి మేకలు తోలుకొని పోయేదాన్నే గాని, ఆ గోడ లోపల ఏముందో నేను చూడలేదు. అరవై దాటినాక మనవరాలు తన పలక నా ఒళ్ళో పెట్టి అక్షరాలు దిద్దించింది. ఒత్తుల దగ్గర దానికీ నాకూ రోజూ జగడమే. ఎవరికైనా చెప్పి రాయించుకోవచ్చు కదా అంటే, అదీ చేసి చూసినాను. విన్నవాళ్ళంతా అడిగింది ఒకటే, చివరికి ఏమయిందని. దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోతే ఇదేం కథ అన్నట్టు కలం పక్కన పెట్టేసేవాళ్ళు. అందుకే నా చేత్తో నేనే రాసుకుంటున్నాను.

మాది బెళుగుప్ప పక్క పల్లె. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. ఆ ఏడు వాన మొహం చాటేసింది. విత్తిన శనక్కాయ విత్తనం మట్టిలోనే మాడిపోయింది. ఊరి బావిలో అడుగు రాయి కనపడింది. వంక ఇసుకలో గుంత తవ్వి కూర్చుంటే కొంచెం కొంచెంగా ఊరే చెలమ నీళ్ళే మనుషులకైనా మేకలకైనా. పెద్దవాళ్ళంతా సర్కారు పెట్టిన కరువు పనికి పోయి, రోడ్డు పక్కన కూర్చొని కంకర కొట్టేవాళ్ళు.

మేకల్ని ఒక్కొక్కటిగా అమ్ముకున్నాం. మిగిలిన తల్లిమేకనూ దాని తెల్ల పిల్లనూ కాసే పని నాది. ఒక మధ్యాహ్నం ఆ తెల్ల పిల్ల కనపడకుండా పోయింది. నేను గుట్టెక్కి గొంతు పోయేదాకా పిలిచినాను. మా నాయన నన్ను కొట్టలేదు, బాగా తిట్టినాడు. ఆ తర్వాత దాని మాటే ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు తిట్లకంటే కష్టమయింది. కళ్ళు మూస్తే చాలు, అది ఎండలో నాలుక బయటపెట్టి నీళ్ళకోసం అరుస్తూ ఎక్కడో పడి ఉన్నట్టు కనపడేది.

ఆ రోజుల్లోనే మిషను బడి టీచరమ్మ ఒకామె ఆదివారం చర్చి అయినాక మా వీధికి వచ్చేది. ఆమె గుడ్డ సంచిలో ఒక రంగుల బొమ్మల పుస్తకం ఉండేది. దాన్ని పూటకొక ఇంటికి ఇచ్చేది గాని, పిల్లల చేతికి ఇచ్చేది కాదు. అమ్మో నాయనో వచ్చి, చేతులు కడుక్కొని, బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని చూపించాలి. పేజీ పెద్దవాళ్ళే తిప్పాలి. అక్షరాలు రాకపోయినా పర్వాలేదు, బొమ్మలు చూసి మీ కథ మీరే చెప్పుకోండి అనేది. చూసినవాళ్ళు చివర ఏముందో చూడనివాళ్ళకు చెప్పకూడదు. పొద్దు మునిగేలోగా పుస్తకం ఇంకొకరికి పోవాలి. ఇవీ ఆమె కట్టుబాట్లు.

మొదటి బొమ్మ మాత్రం మా అందరికీ చూపించింది. పచ్చటి గుట్ట, దానిమీద ఎర్ర పెంకుల ఇల్లు, ఇంటి చుట్టూ పూలు. వాకిట్లో నీలి లంగా పిల్ల ఒకతి ఏడుస్తూ ఉంది. పక్కన గుంజకు తెగిన పలుపు, కింద నాలుగు తెల్ల వెంట్రుకలు. మేకపిల్ల పోయిందని ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసిపోయింది. అది దొరికిందా లేదా అన్నది తెలుసుకోకపోతే బతకలేనన్నంత పట్టు పట్టింది నన్ను.

మా ఇంట్లో కదిలేవాళ్ళు లేరు. కంకర కొట్టి బొబ్బలెక్కిన చేతులతో కడవ ఎత్తడమే గగనంగా ఉంది, పుస్తకమొకటా అనింది మా అమ్మ. బొమ్మలు చూసే వయసా నాది అన్నాడు మా నాయన. అవతల చూసొచ్చిన పిల్లలు నా చుట్టూ తిరుగుతూ, మాకు తెలుసు, నీకు చెప్పం అని ఎగిరేవాళ్ళు. వాళ్ళను కొరికేద్దామన్నంత కోపం వచ్చేది.

చివరికి ఒక శనివారం సుత్తి జారి మా నాయన బొటనవేలు చితికింది. మర్నాడు తాడు పేనడానికి కూడా చెయ్యి రాక ఊరికే కూర్చున్నాడు. నేను ఏడ్చి, అలిగి, అన్నం మానేసి, ఆయన్ను టీచరమ్మ దగ్గరికి లాక్కొని పోయినాను. మధ్యాహ్నానికి పుస్తకం మా ఇంటి ముందరి బండ మీద కూర్చున్న ఆయన ఒళ్ళో ఉండింది. నేను పక్కన.

ఆయన మొదటి బొమ్మ చూసినాడు. చూస్తూనే ఉన్నాడు. తిప్పు నాయనా అన్నాను.

"ఉండు పాపా. ఇన్ని పూలుండాయి, ఈ ఇంటికి నీళ్ళు యాడ్నుంచి వస్తాండాయి?"

నాకేం తెలుసు. బొమ్మలో బావి లేదు, వంక లేదు, తొట్టి లేదు. ఆయన వేలు ఇంటి వెనకనుంచి గుట్ట దిగి, మళ్ళీ ఎక్కి, పూల మొదళ్ళలో వెదికింది. నీళ్ళకు పోయే దారి ఎక్కడా లేదే, రోజూ నడిచే చోట గడ్డి ఉంటుందా అని తనలో తానే అనుకున్నాడు. నేను పేజీ అంచు పట్టుకుంటే నా చెయ్యి తీసి పక్కన పెట్టినాడు. మా మేకల గుంజ నీడ జరిగింది, మా బండ మీదికి ఎండ వచ్చింది, మేము ఇంకా మొదటి బొమ్మలోనే ఉన్నాం.

ఇంట్లోనుంచి మా అమ్మ ఊరుకోలేక అనింది: "బొమ్మలో ఇంటికి గూడా నువ్వే బాయి తవ్వుతావా ఏమి? ముందు మన కడవ చూడు పో, అడుగంటింది."

అనిందే గాని, చేతులు తుడుచుకుంటూ వచ్చి తానూ వంగి చూసింది. చూసి పెదవి విరిచింది. "ఈ పిల్ల నీళ్ళు మోసేది కాదులే. నెత్తిన వెంట్రుక చెదరలేదు, లంగా తడవలేదు. ఎవురో మోసి పోస్తాండారు దీనికి." ఎవరు మోస్తారు, ఎక్కడినుంచి మోస్తారు అని ఇద్దరూ వాదులాటకు దిగినారు. కరువు మొదలైనాక వాళ్ళిద్దరూ ఒకచోట కూర్చొని అంతసేపు మాట్లాడుకోవడం నేను చూసింది అప్పుడే. కానీ ఆ పొద్దు నాకు అదేమీ పట్టలేదు. నాకు మేకపిల్ల కావాలి. వాళ్ళేమో లేని నీళ్ళు తోడుతున్నారు. కాళ్ళు బండకేసి కొట్టుకుంటూ ఏడ్చినాను.

పొద్దు వాలింది. పక్కింటి అక్క బిడ్డను చంకనేసుకొని పుస్తకం కోసం వచ్చింది. వంతు ఆమెది. ఇంకా మొదటి బొమ్మే చూస్తున్నామని తెలిసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"తిప్పేస్తే పోదా చిన్నాయనా? మీ పాప ఏడ్చి ఏడ్చి సచ్చేట్టుంది."

"తిప్పితే మేకపిల్ల వాళ్ళకు దొరుకుతాదమ్మా. మనకు యాడ దొరుకుతాది?" అన్నాడు మా నాయన. తర్వాత నా వైపు తిరిగి, మెల్లగా అడిగినాడు. "దప్పయిన మేకపిల్ల యాడికి పోతాది పాపా?"

నేను గుట్ట వైపు చూసినాను.

"మనది పోయిన పొద్దు నువ్వు గుట్టెక్కినావు. నేను వంకెంబడి పోయినా. చెలమ చెలమకాడా చూసినా. పైన, రెండు వంకలు కలిసేకాడ, తడి ఇసుకలో చిన్న గిట్టలు దిగినాయి. ఆడ తాగింది అది. యాడికి పోయిందో ఏమో గాని, దప్పితో పోలేదు."

ఆయన వెదికినాడన్న సంగతే నాకు అంతవరకూ తెలియదు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో తెలియదు. ఆ గిట్టలు మా పిల్లవేనో, నా ఏడుపు చూడలేక ఆయన కల్పించినాడో కూడా తెలియదు. తర్వాత ఎప్పుడూ నేను అడగలేదు, అడిగితే ఏం చెప్తాడోనని. కానీ కళ్ళు మూస్తే కనపడే ఆ నాలుక ఆ సాయంత్రం నుంచి లోపలికి పోయింది.

ముక్కు తుడుచుకొని మళ్ళీ బొమ్మ చూసినాను. అప్పుడు కనపడింది. కుడి పక్క చివర, పూలకు పైన, చీమ తలంత రెక్కలు వేసుకొని ఒక తూనీగ. చెలమ మీద తిరిగే తూనీగల్ని నేను రోజూ చూసేదాన్నే. వేలు పెట్టి చూపించినాను.

మా నాయన తన వేలు కూడా అక్కడే ఆనించి, "ఆ. ఆ పక్కనే" అన్నాడు.

అంతే. అక్క పుస్తకం మూసి చంకలో పెట్టుకొని పోయింది. మళ్ళీ మా వంతు రాకముందే కరువు పని వేరే ఊరి రోడ్డుకు మారింది, మా వాళ్ళు మమ్మల్ని వెంటబెట్టుకొని దాని వెనకే పోయినారు. తిరిగి వచ్చేటప్పటికి టీచరమ్మ ఎక్కడికో బదిలీ అయిపోయింది. పుస్తకంలోని ఆ మేకపిల్ల దొరికిందో లేదో నాకు ఈ పొద్దుకూ తెలియదు. తలచుకుంటే ఇప్పటికీ చిరాకే. ఒక్క పేజీ తిప్పి ఉంటే ఏం పోయేది ఆయన సొమ్ము?

కానీ నాకు పలక పట్టించిన మనవరాలి చెల్లెలికి వాళ్ళమ్మ బొమ్మల పుస్తకాలు తెస్తే, మొదటి బొమ్మ మీద అరచెయ్యి పెట్టేది నేనే. అవ్వా తిప్పు అని అది కాళ్ళు కొడుతుంది. నాకు చెయ్యి కదలదు. ఈ ఇంట్లో వాళ్ళు ఏం తాగుతారో కనుక్కోనీ తల్లీ అంటాను. నిన్న అది అలిగి మొహం తిప్పుకొని, కాసేపటికి తానే వచ్చి, అవ్వా ఇక్కడ కుళాయి ఉంది అని చూపించింది.

పుస్తకం పోయిన మర్నాడు పొద్దున, మా నాయన చితికిన వేలికి గుడ్డ చుట్టుకొని కంకరకు పోయినాక, నేను పొయ్యిలోనుంచి బొగ్గు తీసుకొని ఆ బండ దగ్గరికే పోయినాను. అంతకుముందు నేను దేనిమీదా ఏమీ గీసింది లేదు. ఇల్లు వంకరగా వచ్చింది, పిల్ల తల ఇంటికంటే పెద్దదయింది. కుడి పక్కన తూనీగను గీసి, దానికింద చెలమ గీసి, చెలమనుంచి ఇంటిదాకా కాలిదారి గీసినాను. చెలమ పక్కన మేకపిల్ల పట్టేంత జాగా వదిలిపెట్టి, తల్లిమేకను విప్పుకొని, వంకెంబడి పైకి, రెండు వంకలు కలిసే చోటికి తోలుకొని పోయినాను.