మడతల్లో కాగితం

మొన్న మా దువ్వాడ ఫ్లాటు బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తూ, ఒక చీర మడతపెట్టి, మళ్ళీ విప్పి, మడతల్లో చెయ్యి పెట్టి తడుముతున్నాను. మా కోడలు చూసి నవ్వింది. "ఏం పోయింది అత్తయ్యా?" అంది. ఏమీ పోలేదు. అలవాటు. నాకిది మా అత్తగారు నేర్పారు, అదీ ఒక మనిషిని అనుమానించడానికి.

తొంభైల చివర్లో మేము వన్‌టౌన్‌లో ఒక పాత మేడ కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. అక్కడ కాపురం చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, గాలి రేవు వైపు నుంచి తిరిగిందంటే రేవులోని బొగ్గుగుట్టల దుమ్ము లేచి, పావుగంటలో డాబా మీద బట్టలన్నీ నల్లపొడే. తెల్లచొక్కాలు గోవిందా. వంట చేస్తున్నా మా ధ్యాసంతా గాలి మీదే ఉండేది. పై వాటాలో ఒకావిడ ఒంటరిగా ఉండేది. ఆస్పత్రిలో ఆయాగా చేసి మానేసింది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది. గాలి తిరిగితే తన బట్టలతోపాటు మావీ తీసి, ఇస్త్రీ చేసినంత నున్నగా మడతపెట్టి, మా గుమ్మం పక్క అరుగు మీద ఉంచి, పిలవకుండానే వెళ్ళిపోయేది.

మా అత్తగారికి అదే మింగుడుపడలేదు. "ఊరికే ఎవులైనా పరాయోళ్ళ బట్టలు మడతెడతారేటి? ఏదో ఉంది," అనేవారు. అబద్ధమెందుకు, నాకూ అలాగే అనిపించేది. ఆవిడకి అత్తగారు పెట్టిన పేరు 'సర్చావిడ'. ఒక డిసెంబరులో, మడతల్లో క్రిస్మస్‌కి రమ్మని అచ్చేసిన చీటీ దొరికింది. ఇంకేముంది! "సూసినావా? నాను సెప్పలేదూ? ఈయేళ సీటీ, రేపు సర్చి, ఎల్లుండి మన పేర్లే మార్సేత్తాది," అని అత్తగారు ఇల్లు పీకి పందిరేశారు. అప్పట్నుంచి సోదా మొదలు. బట్టలు లోపలికి రాగానే మంచం మీద కూర్చుని ప్రతి మడతా విప్పి దులిపేవారు. పండగ వెళ్ళాక నాలుగు మడతలు పెట్టిన నోటుపుస్తకం కాగితాలు రావడం మొదలైంది, ఎప్పుడూ నా చీరలోనే. "కోడలుపిల్లని ముందు లాగుదామని," అంటూ, చదువురాని మా అత్తగారు వాటిని విప్పకుండానే నీళ్ళ పొయ్యిలో పడేసేవారు. అలా మూడు కాగితాలు కాలిపోయాయి. మూడోదాని అంచున నీలం సిరా కనిపించింది. చెయ్యి చాపితే నాకందేది. చాపలేదు.

ఒక మధ్యాహ్నం గాలి తిరిగింది. అత్తగారు కునుకు తీస్తున్నారు, నేనే డాబా మీదికి పరిగెత్తాను. పై వాటా ఆవిడ అప్పటికే తీగ దగ్గరుంది. నన్ను చూసి గొంతు తగ్గించి, "నానెట్టిన కాగితాలు సదివినావా అమ్మా?" అంది.

"మీ దేవుడి కాగితాలు మాకొద్దండీ," అన్నాను, ఎంత కటువుగా అనగలనో అంత కటువుగా.

"దేవుడియి కావమ్మా. మీ అత్తగారి గురించి."

మా అత్తగారు తన బట్టలు తానే ఉతుక్కుని, లంగాలు చీర కింద దాచి ఆరేసుకునేవారు. పై వాటా ఆవిడ ఆ చీర పక్కకి తీసి, తెల్లలంగా మీద ఎంత ఉతికినా పోని నెత్తురు మరకలు చూపించింది. "ఈ వయసులో ఇది కనిపించకూడదమ్మా. మూడు నెల్ల నుంచి సూత్తన్నాను. పెద్దావిడ సెప్పుకోదు, నాను గుమ్మంలో నిలబడి అరవలేను. ఆస్పత్రికి తీసికెళ్ళు." పక్క గదిలో పడుకునే మనిషి సంగతి నాకు తెలియలేదు.

అత్తగారు మొండికేశారు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. ఒక రెక్క నేనూ ఒక రెక్క పై వాటా ఆవిడా పట్టుకుని ఆటో ఎక్కించాం. ఎన్నాళ్ళనుంచని డాక్టరమ్మ అడిగితే, అత్తగారు నేలచూపులు చూస్తూ "పది రోజులు" అన్నారు. "మూడు నెల్లు," అంది పై వాటా ఆవిడ మెల్లగా.

అత్తగారు గిరుక్కున తిరిగారు. "నీకెలా తెలుసు?"

"బట్టలు తీసేది నానే కదా అక్కా."

పరీక్షలన్నీ అయ్యాక, గర్భసంచిలో క్యాన్సర్ మొదలైంది, వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఇంకొంచెం ఆగితే మా చేతిలో ఏమీ ఉండేది కాదంది డాక్టరమ్మ. ఆ మాట విని తిరిగొస్తూ, కాలిన కాగితాల్లో ఏముందో ఆటోలో అత్తగారికి చెప్పాను. "నా సేతుల్తో నానే కాల్సుకున్నాను కదే పిల్లా," అని అత్తగారు ఘొల్లుమన్నారు. నేను పక్కనే నిలబడి చూశానన్న మాట మాత్రం ఆవిడ అనలేదు. అంటే బావుండేది.

ఆపరేషన్ తర్వాత నెలన్నరపాటు అత్తగారి బట్టలు ఉతికి మడతపెట్టింది పై వాటా ఆవిడే. ఇదంతా ఎందుకు చేస్తున్నారని ఆఖరికి అడిగేశాను. అనుమానం అంత తొందరగా చావదు మరి. "పక్కోళ్ళని పేమించమని మా పాస్టరుగారు ఆదివారం ఆదివారం సెప్తారు. ఎలాగో నాకు తెల్దమ్మా. నాకొచ్చింది బట్టలు మడతెట్టడం," అని నవ్వింది. చర్చికి రమ్మని మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు. దానికి మా అత్తగారు కాస్త నొచ్చుకున్నారు కూడా. ఒకరోజు పాత అలవాటుకొద్దీ చీర దులిపి, దులిపి, నా మొహంలోకి చూసి, "ఏటే, ఈయేళ కూడా కాగితం ఎట్టలేదేటి?" అన్నారు.

ఆ తర్వాత అత్తగారు ఆరేళ్ళు బతికారు. ఇప్పుడు ఇద్దరూ లేరు. దువ్వాడలో మా బాల్కనీకి ఆ నల్లపొడి రాదు, బట్టలు తొందరపడి తీసేవాళ్ళూ లేరు. అయినా మడతలు విప్పి చూస్తాను. అప్పట్లో కాగితం దొరుకుతుందేమోనని భయపడేదాన్ని. ఇన్నేళ్ళకి, ఇక దొరకదని దిగులు.