ఇరవై ధారల ఫొటో

మా ఉస్తాద్‌కు మనుషుల ఫొటోలంటే చిన్నచూపు. చార్మినార్ దగ్గర గాజుల దుకాణం పైన ఆయన స్టూడియో నడిచిందే మనుషుల ఫొటోల మీద, అది వేరే సంగతి. కుర్చీలో కూర్చోబెట్టి "హిలో నక్కో" అని గద్దిస్తే ఎంత పెద్దమనిషైనా కదలకుండా బిగుసుకుపోతాడు, అందులో మన గొప్పేముంది అనేవాడు.

"మనిషిని బెదిరించొచ్చు మియా. నీళ్లను బెదిరించు చూద్దాం."

రెండేళ్లుగా ఆయన దగ్గర నేను చేసిన కళాసేవ నల్లగుడ్డ దులపడం, మూడుకాళ్ల స్టాండు మోయడం. మూడో ఏడు వానల్లో పరీక్ష పెట్టాడు. మీరాలం చెరువు నిండి అలుగు దూకుతోంది. ఆ దూకే నీళ్లను నీళ్లలా కనబడేట్టు ఫొటో తీసి తెస్తే నేను పనివాణ్ణి. లేకపోతే ఎవరి ఇంటికి వాళ్లం.

మా ఇల్లు గౌలిపురలో. పాలవాళ్లం. కొట్టంలో ఎనిమిది బర్రెలుంటే రెండు నా వంతు, పొద్దున సాయంత్రం నేనే పిండాలి. ఇరవై ఏళ్లు నిండిన కొడుకు కెమెరా డబ్బా నెత్తిన పెట్టుకుని ఊరేగడం మా బాపుకు కంటగింపుగా ఉండేది. ఆయనా గడువు పెట్టాడు.

"అలుగు బందయ్యేదాక చూస్త. గప్పటికి నీ ఉస్తాదు నిన్ను పనోడన్నడా, సరే. అనలేదా, గా లొల్లి బంద్ జేసి కొట్టంల ఉండు."

ఇద్దరు పెద్దమనుషులు కూడబలుక్కున్నట్టు నా బతుకును ఒక చెరువుకు అప్పజెప్పారు.

మా కెమెరాకు నొక్కే మీట లేదు. అద్దం మీద తోలు టోపీ ఉండేది. టోపీ తీయాలి, లెక్కపెట్టాలి, మళ్లీ పెట్టాలి. మబ్బు పట్టిన సాయంత్రం, వెలుతురు పోయే రంధ్రం చిన్నది చేసుకుని ఇరవై సెకన్లు తెరిచి ఉంచమన్నాడు ఉస్తాద్. అంతసేపు తెరిస్తేనే రాతిగోడ నిలబడుతుంది, దాని మీద నీళ్లు సాగి కనబడతాయి. గడియారం మాత్రం ఇవ్వనన్నాడు. అది ఆయన మామగారు పెట్టింది, వానలో తడిస్తే ఇంట్లో ఆయన గతి ఏం కావాలి?

నోటితోనే ఇరవై లెక్కపెట్టాను. ఫొటో అచ్చేస్తే అంతా నలుపు, మధ్యన ఒక తెల్లటి మరక.

"ఇది చెరువా, బొగ్గుల కొట్టా?" అన్నాడు ఉస్తాద్.

రెండోదీ బొగ్గుల కొట్టే. మూడోదీ అంతే. యుద్ధం వచ్చి, ఫొటో పడే గాజు ప్లేట్లు దొరకని రోజులు. మూడు ప్లేట్లు తగలేసిన శిష్యుణ్ణి ఏ గురువూ ముద్దు పెట్టుకోడు. నన్ను ఎదురుగా నిలబెట్టి, గడియారం చేతిలో పట్టుకుని, "లెక్కపెట్టు" అన్నాడు.

"లాభం, రెండు, మూడు, నాలుగు..."

నా ఇరవై అయ్యేసరికి ఆయన గడియారంలో ఏడు సెకన్లు గడిచాయి. ఆయన తలపట్టుకున్నాడు.

"అరే మియా, ఫొటో తీస్తున్నవా, పాలు కొలుస్తున్నవా?"

పాలే కొలుస్తున్నాను. నాకు తెలిసిన లెక్క అదొక్కటే. ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టి, గిన్నెలో పాలు పూర్తిగా పడకముందే తరువాతి అంకెలోకి దూకడం మా వంశవిద్య. పాలు పోయించుకునే వాడకందార్ల కళ్ల ముందు మూడు తరాలుగా సాధన చేసిన వేగం అది, ఒక్క సాయంత్రంలో ఎట్లా తగ్గుతుంది? ఎక్కాలు చదువుకొమ్మన్నాడు ఉస్తాద్. అవి బెత్తం కింద నేర్చినవి, ఇంకా జోరుగా వచ్చాయి. ఊపిరి లెక్కపెట్టమన్నాడు. భయంతో అదీ పరుగెత్తింది.

మర్నాడు తెల్లవారి బర్రె కింద కూర్చుని నా ఖర్మకు ఏడుస్తూ పిండుతున్నాను. చెంబులో ధార పడుతోంది. ఒకటి, ఆగి ఇంకొకటి. నా మనసు ఎంత తొందరపడ్డా చేయి తొందరపడటం లేదు. పడితే బర్రె తంతుంది కదా! కొలిచే నోరు ఎట్లాంటిదైనా, పిండే చేతిని మాత్రం బర్రెలు మా ఇంట్లో నిజాయితీగా ఉంచాయి. అట్లనే స్టూడియోకు ఉరికి ఉస్తాద్ గడియారం ముందు గాలిని పిండి చూపించాను. ఇరవై ధారలకు ఇరవై సెకన్లు, మహా అయితే ఒకటి తేడా. ఆయన నవ్వలేదు. లోపలికి పోయి ఒక ప్లేటు తెచ్చిచ్చి, ఇదే ఆఖరుది అన్నాడు.

అప్పటికే అలుగు పలచబడింది. చూడవచ్చిన జనం మాత్రం పలచబడలేదు. మక్కకంకులు కొరుక్కుంటూ, నీళ్లను వదిలేసి నా చుట్టూ మూగారు. కుడిచేత్తో టోపీ తీశాను. ఎడమచేయి గాలిలో పిండడం మొదలుపెట్టింది.

"ఏందిర భాయ్, గీనికేమైంది?" అన్నాడొకడు.

"గాలికి పాలొస్తయేమో చూస్తుండు."

అందరూ పగలబడి నవ్వారు. నేను ఇరవయ్యో ధార దాకా పిండి, టోపీ పెట్టి, వెనక్కి తిరిగాను. జనం వెనకాల మా బాపు నిలబడి ఉన్నాడు. పాలు పిండే వేళ దాటిందని వెతుక్కుంటూ వచ్చాడట. అంతా చూశాడు. సిగ్గుతో నాకు చెవులు కాలిపోయాయి.

"పిండుడైందా? పా. ఇంటికాడ నిజం బర్రెలున్నయి."

స్టాండు తనే భుజాన వేసుకుని ముందు నడిచాడు.

ఫొటో కుదిరింది. గోడ కమాను వంపులు రాయి రాయిగా వచ్చాయి, వాటి మీద నీళ్లు ఎక్కడా తెగకుండా జారాయి. ఉస్తాద్ దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, "ఇవి నీళ్లు" అని, కింద మెట్ల దగ్గరి అద్దాల పెట్టెలో పెళ్లికొడుకుల ఫొటోల పక్కన పెట్టాడు. అంతకంటే పొగిడితే ఆయనకు జ్వరం వస్తుంది.

మా బాపు నాకు చెప్పకుండా పోయి దాన్ని చూశాడట. చాలాసేపు చూశాడని ఉస్తాద్ చెప్పాడు. "మావోడు పనోడైండా?" అని ఒక్కటే అడిగాడట. అయ్యాడన్నాడట ఉస్తాద్.

వారం తిరగకుండా ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నా రెండు బర్రెలు లేవు. బాపు వాటిని సైదాబాద్‌లో ఒక ఆసామికి అమ్మేశాడు. ఫొటోలు కూడు పెడతాయా అని బాపు అడిగితే చెప్పడానికి రెండేళ్లుగా జవాబులు కూడబెట్టుకున్నాను. ఒక్కటీ పనికి రాలేదు.

"ఏంది బాపూ, గిట్ల జేసినవ్?"

"నీ చేతికి మరిగినయి. ఇంకోని చేతికి పాలియ్యవు. ఉంచుకోని ఏం జేస్తం?"

కోపంగా అనలేదు. గడ్డి వేస్తూ అన్నాడు. నేను కోరుకున్నదే నాకు దొరికింది, ఇంత సులువుగా ఇస్తాడనుకోలేదు. కొట్టం వెనక్కి పోయి ఏడ్చాను.

సైదాబాద్ ఆసామి పదిరోజులు మా గడపకు తిరిగాడు. బర్రెలు పొదుగులోకి పాలు చేపడం లేదు, కొడుకును ఒక్క పూట పంపమని బాపును బతిమాలాడు. వాడికి పనుందని చెప్పి పంపేశాడు బాపు. నేను లోపలే ఉండి, ఏ పనీ లేకుండా, అంతా విన్నాను. బయటికి రాలేదు. ఒక్కసారి వాటి పొదుగు మీద చేయి వేస్తే మళ్లీ స్టూడియో మెట్లు ఎక్కనని భయమేసింది.